కొత్త కోసే చెయ్యి

రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో జంపయ్య మణుగూరు బస్సు దిగి, జైలు నేస్తం లాలును నడిపించుకుంటూ అడవి బాట పట్టాడు. కలప కాంట్రాక్టరును కత్తితో పొడిచారని ఇద్దరినీ పట్టుకుపోయి, ఐదేళ్లు జైల్లో పెట్టి, చివరికి కోర్టు "మీరు కాదు, పొండి" అంది. పోయిన ఐదేళ్లు ఎవరిస్తారు? అడిగే నాథుడే లేడు.

తీర్పు వచ్చి నెల దాటింది. లాలుకు కామెర్లు. దవాఖానాలో వాడికి ఎవరూ దిక్కులేరు గనుక ఆగానని జంపయ్య తనకు తాను చెప్పుకున్నాడు. సగం నిజమే. మిగతా సగం భయం. కోర్టు వదిలితే మాత్రం ఊరు వదులుతుందా? నిప్పు లేనిదే పొగ రాదనే నోళ్లు ఏ ఊళ్లో లేవు గనుక!

ఊరి మొదట్లోనే కాళ్లు ఆగిపోయాయి. చెట్ల కింద మామిడిపళ్లు రాలి కుళ్లి, ఈగలు ముసురుతున్నాయి. కొత్త పండుగ చెయ్యనిదే ఆ కోయగూడెంలో ఎవరూ మామిడికాయ ముట్టరు. కానీ ఆ పండుగ ఎప్పుడో అయిపోవాలి కదా!

"ఏందవ్వా, గిట్ల కుళ్లబెట్టిండ్రు?" అన్నాడు, ఎదురొచ్చిన తల్లితో.

కన్నమ్మ ముందు కొడుకు మొహమంతా తడిమింది. తర్వాత తిట్లకు దిగింది. "నీ మొహం మండ! మొదటి కాయ కోసేది మన ఇంటోళ్లు గాదా? మీ అయ్య పోయినంక ఇగ నువ్వే. నిన్ను ఇడిసిపెట్టిండ్రని తెల్వంగనే పటేల్ పండుగ ఆపిండు. పిల్లలు చెట్ల దిక్కు సూసుకుంట గుటకలు మింగుతున్నరు. జల్దీ రావద్దా?"

"ఊరంత ఆగిండ్రా?"

"అవ్. ఊరంత."

మొహాన ఉమ్ముతారనుకున్న ఊరు తన కోసం నోరు కట్టుకుంది! జంపయ్య అమ్మ కొంగు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

పొద్దు వాలకముందే డోలు మోగింది. ఊరి పెద్ద అయిన పటేల్ కత్తి తెచ్చి, పిడి జంపయ్య వైపు చాపాడు. జంపయ్య వెనక్కి జరిగాడు. "వద్దు మామా. నా చేతిల కత్తి సూస్తే జనం బెదురుతరు."

పక్కింటి కోడలు తన పసిబిడ్డను తెచ్చి సరిగ్గా అతని మోకాళ్ల ముందు కూర్చోబెట్టింది. "కొయ్యి బావా, పొల్లకు నోరూరుతాంది" అంది. అందరూ గొల్లున నవ్వారు. జంపయ్య కత్తి అందుకున్నాడు. మొదటి ముక్క వేల్పుకు పెట్టి, రెండోది పాప నోటికందించాడు. పులుపుకు అది మొహం చిట్లించింది.

లాలు దూరంగా, దడి పక్కన నిలబడ్డాడు. జైల్లో అధికారి ముందు నిలబడ్డట్టే చేతులు కట్టుకున్నాడు. అతనిది లంబాడీ తండా, ఈ పండుగ అతనిది కాదు. ఇంకా తన తండా ముఖం చూడలేదు.

జంపయ్య వెళ్లి అతని చేతిలో కత్తి పెట్టాడు. "ఈ కాయ నువ్వు కొయ్యి."

"నేనా అన్నా? నేను మీ గూడెపోణ్ణి గాదు. నాది గూడ గదే కేసు..." అంటూ లాలు బెదురుగా పటేల్ వైపు చూశాడు.

పటేల్ వచ్చి లాలు ముందు కూర్చుని, ముక్క కోసం చెయ్యి చాపాడు.