మూడో పిల్ల చాటింపు

నేను ఒక డప్పుని. కుదురుగా ఉండమంటే నా వల్ల కాదు, గోడకు తగిలించినా గాలికి గునుస్తూనే ఉంటాను. వేపచెక్క చట్రానికి మేకతోలు బిగించి నన్ను చేసినవాడు కొలకవరం పేటలోని ఏసోబు వాళ్ళ తాత. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి ఏసోబుకి వచ్చాను. ఊరికి చాటింపు వేయడం మా పని. తాటాకు మంట దగ్గర కాగితే తప్ప నా నోరు పెగలదు. కాగానా, ఇక నన్ను ఆపడం ఎవరి తరమూ కాదు.

ఏ చట్టమైనా ఈ ఊళ్ళోకి నా వీపు మీద దెబ్బలతోనే వచ్చింది. ఇంటిపన్ను పెరిగినా నన్నే బాదారు, ఎన్నికలు వాయిదా పడినా నన్నే బాదారు. మనుషులు భలేవాళ్ళు లెండి! రూలు పెట్టేవాడు ఎక్కడో ఫ్యాను కింద ఉంటాడు, తిట్లు మాత్రం ఎండలో నిలబడ్డ ఏసోబు తింటాడు.

ఓసారి సర్పంచి పదవి ఎస్సీ మహిళకు రిజర్వయిందని చాటాను. పేటంతా సంబరపడింది. పదో తరగతి చదివిన ఏసోబు భార్య రూతమ్మనే నిలబెట్టాలన్నారు. అయితే ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళు పోటీకి పనికిరారన్న రూలు అప్పటికే ఉంది. అదీ నేను చాటిందే, నా నోరు పడిపోను! ఇద్దరు మగపిల్లల తర్వాత, ఇంట్లోనే పుట్టిన పసిగుడ్డు కెజియా రూతమ్మ చంకలో ఉంది.

ఊరి మోతుబరి చలమయ్యగారు ఏసోబుతో తేలిగ్గా తేల్చేశారు.

"దానికింత ఆలోచనేంట్రా? పిల్ల పుట్టినట్టు ఇంకా రాయించలేదుగా. నీ మరదలికి పిల్లల్లేరు, దాని బిడ్డేనని రాయించెయ్."

రూతమ్మ ఏడ్చింది, తిట్టింది. మంచినీళ్ళ కొళాయిలూ, శ్మశానానికి దారీ మన మనిషి ఉంటేనే వస్తాయని పేట పెద్దలు కాళ్ళావేళ్ళా పడ్డారు. చివరికి రూతమ్మ వెనక వీధిలో ఉండే చెల్లెలు సలోమి ఒళ్ళో బిడ్డని పెట్టింది. గెలిచింది. కొళాయిలు వేయించింది. బిడ్డ ఎవరిదో ఊరందరికీ తెలుసు, ఒక్క కెజియాకి తప్ప. ఆ పిల్ల "పెద్దమ్మా" అంటూ పరిగెత్తుకొచ్చినప్పుడల్లా రూతమ్మ మొహం పక్కకు తిప్పుకునేది. సలోమికి మాత్రం ఆ పిల్లే లోకం.

రూతమ్మ పదవీకాలం అయిపోయింది. మొన్న పంచాయతీ ఆఫీసు నుంచి కొత్త కబురొచ్చింది. చట్టం మారిందట, ఎంతమంది పిల్లలున్నా పోటీ చేయవచ్చట. ఏసోబు నన్ను మంట దగ్గర కాస్తున్నాడు.

"ఏవయ్యా," అంది రూతమ్మ. "ఇన్నేళ్ళూ ఊరి మాటలు చాటావు. ఇయ్యాల మన మాటొకటి చాటు. నా బిడ్డ నన్ను అమ్మా అనాల."

"ముందుగాల సలోమికి చెప్పొద్దా?"

"చెబితే ఊరుకుంటదా? నువ్వు చాటెయ్యి, తర్వాత చూద్దాం."

నాకు కాళ్ళు లేవు గానీ, ఉంటే ఆ రోజు ఏసోబు కంటే ముందే పరిగెత్తేదాన్ని. చట్టం మారిన సంగతి వీధి వీధికీ చెప్పుకుంటూ వచ్చి సలోమి ఇంటి ముందు ఆగాం. అరుగు మీద కూర్చుని సలోమి కెజియాకి జడ వేస్తోంది. రూతమ్మ మా వెనకే వచ్చి నిలబడింది. ఏసోబు నా మీద గట్టిగా దెబ్బ వేశాడు.

"ఇందుమూలంగా అందరికీ తెలియజేసేదేమంటే... ఏసోబుకీ రూతమ్మకీ పిల్లలు ముగ్గురహో!"

సలోమి చేతిలోంచి జడపాయ జారిపోయింది. మొహాన నెత్తురు చుక్క లేదు. కెజియా మాత్రం పకపకా నవ్వింది.

"అమ్మా, పెదనాన్నకి ఇద్దరేగా, అన్నయ్యలు! ఆ మూడో పిల్లెవరే?"

వెనక్కి తిరిగి చూసింది. నవ్వు మాయమైంది. "ఏడుస్తున్నావేంటమ్మా?" అంటూ సలోమి మెడ చుట్టూ చేతులు వేసి, తన గౌను అంచుతో ఆమె కళ్ళు తుడవసాగింది.

ఏసోబు మళ్ళీ పుల్ల ఎత్తాడు. రూతమ్మ అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఎవరూ లేరమ్మా," అంది. "మీ పెదనాన్నకి లెక్కలు రావు."