సాక్ష్యం చెప్పలేని నల్లబల్ల

నేను ఒక నాపరాయిని. ఇరవై రెండేళ్లు ఒక హైస్కూలులో, తొమ్మిదో తరగతి గోడకు నల్లబల్లగా బతికాను. చెక్కబల్లకైతే ఏడాదికోసారి నల్లరంగు పూయాలి. నాకు ఆ ఖర్చు లేదు, నాది పుట్టు నలుపు. మా కర్నూలు సీమలో రాతికి కరువు లేదు కనుక ఊరివాళ్లు నన్ను బడికి ఇచ్చి పుణ్యం కట్టుకున్నారు.

గనిలో నుంచి నన్ను తీసినవాడు మద్దిలేటి. అప్పటికి ఇరవై ఏళ్లవాడు. మొదట టెంకాయ కొట్టి, నాకు దండం పెట్టి, "తప్పు క్షమించు తల్లీ" అన్నాడు. ఆ తరువాత సమ్మెట ఎత్తాడు. దండం పెట్టి కొట్టడం మనుషుల పద్ధతి అని ఆ రోజే తెలిసింది. బడిలోనూ అంతే. సరస్వతీ పూజనాడు పసుపు, కుంకుమ పెట్టేవాళ్లు, సెలవులు కాగానే డస్టరుతో బాదేవాళ్లు. తప్పు పట్టడం లేదు. భక్తి భక్తే, పని పనే.

ఆ సమ్మెట చప్పుడు నేను మరిచిపోలేదు. గట్టిగా ఒక దెబ్బ. ఊపిరి తీసుకునేంత ఆగడం. మళ్లీ వెంటవెంటనే రెండు. ఆపైన లోపల ఎక్కడో పగులు పాకే సన్నని గరగర.

బడిలో అలంకారాల పాఠం ఏటా వచ్చేది. లక్షణం, ఉదాహరణ, సమన్వయం. మూడూ గైడులో నుంచి నా మీదికి, నా మీది నుంచి పిల్లల నోటుపుస్తకాల్లోకి దిగేవి. ఉపమకు ఉదాహరణ: ఆమె ముఖము చంద్రునివలె ఉన్నది. ఏళ్ల తరబడి అదే చంద్రుడు, అదే ముఖం. ఆ ముఖం ఎవరిదని ఒక్కరూ అడగలేదు.

అప్పుడు కంబగిరి సారు తెలుగు పండితులుగా వచ్చారు. "గైడు మూయండి" అన్నారు. ముందు ఒక పద్యం చదివించారు. "ఇందులో కవి తాను చూసినదాన్నే ఇంకోదానితో పోల్చినాడు. మీరూ మీ ఇంట్లో చూసింది, విన్నది ఒక్క వాక్యం రాయండి" అన్నారు.

బజారి అనే పిల్లవాడు ముందుగా వచ్చి, "మా అవ్వ నోరు బస్టాండు మైకు మాదిరి" అని రాశాడు.

"ఒరేయ్, మీ అవ్వకు చెప్తా ఉండు!" అని వెనక బెంచీ నుంచి ఒకరు.

"చెప్పుపో. ఆమెకు చెవుడు."

సారు నవ్వి, "ఇందులో కొంచెం అతిశయోక్తి కూడా కలిసినట్టుందే" అన్నారు.

"ల్యాదు సార్. ఒకసారి మా ఇంటికొచ్చి ఇనండి."

నవ్వులన్నీ అయ్యాక లింగేశ్వరి లేచింది. మద్దిలేటి కూతురు. హాజరు పలకడానికి తప్ప నోరు తెరిచే పిల్ల కాదు. సుద్దముక్క తీసుకొని కింది మూలన రాసింది: "మా నాయిన దగ్గు, రాయి మీద సమ్మెట దెబ్బ మాదిరి."



ఆ దగ్గు నాకు తెలుసు. అంతకుముందు ఏడాది ఈ గదిలోనే జరిగిన తల్లిదండ్రుల సమావేశానికి వచ్చిన మద్దిలేటి, నిలబడలేక నా మీద చెయ్యి ఆనించి దగ్గాడు. గట్టిగా ఒకటి. కాసేపు ఆగి మళ్లీ రెండు. ఆపైన రొమ్ములో సన్నని గరగర. నన్ను తీసిన చప్పుడే, గనిలోని రాతిదుమ్ముతో కలిసి అతని లోపలికి పోయి కూర్చుంది.

"ఎట్ల తోచిందమ్మా?" అని సారు మెల్లగా అడిగారు.

"తోచలేదు సార్. రోజూ ఇంటాన."

సారు ఆ వాక్యం చుట్టూ గీత గీసి, "ఎవరూ చెరపొద్దు" అన్నారు. అప్పటి నుంచి ఆ పిల్ల మధ్యాహ్నం బెల్లు కాగానే, ఆ గీత పక్కన కొత్త వాక్యం ఒకటి రాసిపోయేది. నోట్లో దాగిన మాటలన్నీ సుద్దగా రాలుతున్నట్టు ఉండేది.

మూడు నెలల పరీక్ష వచ్చింది. ఆ ఏడు పేపర్లు వేరే ఊళ్లో దిద్దారు. ఉపమాలంకారానికి లింగేశ్వరి తన నాయన దగ్గునే ఉదాహరణగా రాసింది. పక్కన ఎర్రసిరాతో, "తప్పు. పుస్తకంలో లేదు" అని వచ్చింది. సగం తరగతికి అదే గతి.

హెడ్మాస్టరు గిడ్డయ్య సారు చెడ్డవారు కారు. పేపర్లు చేతబట్టుకొని వచ్చి, "కంబగిరీ, నువ్వు చెప్పింది తప్పని నేనంటాన్నా? వచ్చే ఏడు వీళ్లకు పదో తరగతి. దిద్దేటోడు ఈ పాప నాయిన దగ్గు ఇన్నాడా?" అన్నారు.



నేను విన్నాను. ఆ దెబ్బ విన్నాను, ఆ దగ్గూ విన్నాను. రెండూ ఒకటేనని చెప్పాలనిపించింది. రాతికి వినికిడి ఇచ్చిన దేవుడు నోరెందుకు ఇవ్వలేదో! ఆయన కారణం ఆయనకుంటుందేమో, నాకైతే తెలియలేదు.

మర్నాడు సారే తడిగుడ్డతో ఆ మూల తుడిచారు. అక్కడ చంద్రుణ్ణి రాసి, "పదిసార్లు రాయండి" అన్నారు. లింగేశ్వరి తలెత్తకుండా పదిసార్లూ రాసింది.

కార్తీకంలో మద్దిలేటి పోయాడు. దినాలు అయ్యాక ఆ పిల్ల బడికి వచ్చింది. ఆ ఒక్కరోజు సారు మళ్లీ గైడు మూసి, "ఏదన్నా ఒక వాక్యం రాయమ్మా. నీ ఇష్టం" అన్నారు.

ఆమె సుద్ద పట్టుకొని నా ముందు నిలబడింది. నేను నా నలుపంతా పరచి ఎదురుచూశాను.

"ఆమె ముఖము చంద్రునివలె ఉన్నది." కింద సమన్వయం కూడా రాసింది. ఒక్క అక్షరం తప్పు లేదు.

"సరిగ్గా ఉందా సార్?"

"ఉందమ్మా" అన్నారు సారు. టిక్కు పెట్టబోతే సుద్దముక్క ఆయన చేతిలో విరిగింది.

తరువాత పదో తరగతిలో ఆమెకు మంచి మార్కులే వచ్చాయని విన్నాను. నా మీద మాత్రం ఆమె మళ్లీ సొంత వాక్యం రాయలేదు.

ఈమధ్య ఆ గోడకు పాఠాలు చూపే డిజిటల్ తెర బిగించారు. నన్ను ఊడదీసి, వంటగది వెనక కాలువ మీద బోర్లా పరిచారు. పిల్లలు పళ్లేలు కడుక్కొని నా మీదుగానే నడుస్తారు. నేలకు తిరిగిన నా ముఖానికి చంద్రుడు కనిపించడు. పైన ఎవరైనా దగ్గితే మాత్రం నాకు ఒక్క పోలికే తోస్తుంది. ఎర్రసిరాతో తప్పు అని రాసి పంపింది దాన్నే.