కటకం వెళ్లొచ్చిన ప్లేటు

మా ఆయన దాలయ్యకు కుడి తొడలో మంట మొదలై రెండేళ్లు దాటింది. పైన కారం రాసినట్టు మంట, దానికి తోడు గిల్లినా తెలియనంత తిమ్మిరి. తెప్ప మీద నిలబడితే మంట, వల లాగితే మంట, బోర్లా పడుకుంటే మరీ మంట. గోపాలపూర్ ఒడ్డున ఉన్న ప్రతివాళ్లూ తలో మందు చెప్పారు. చికిటిలో ఒకాయన వాతలు పెట్టాడు. పక్కింటి జగ్గమ్మ అయితే "గంగమ్మకి కోపమొచ్చినాదే కాసమ్మా" అంది. గంగమ్మకు కోపమొస్తే వచ్చి వచ్చి తొడ మీద చూపిస్తుందా? నాకు ఒళ్లు మండిపోయి రెండు రోజులు దానితో మాట్లాడలేదు.

మా ఆయన మాత్రం కుంటుకుంటూ వచ్చి, చెంబెడు నీళ్లు తాగి, "బానే ఉన్నాదే" అని నవ్వేవాడు. మొన్న వేసవిలో ఒకరోజు కెరటాల మధ్య కాలు మొద్దుబారి తెప్ప మీంచి జారిపోయాడు. పక్క తెప్ప సూరయ్య జుట్టు పట్టి లాగాడు కాబట్టి మనిషి దక్కాడు. ప్రతిసారీ సూరయ్య పక్కనే ఉంటాడని ఎక్కడైనా రాసిపెట్టి ఉందా? ఆ మర్నాడే బరంపురం పెద్దాసుపత్రికి బయలుదేరదీశాను.

డాక్టరు ఒరియా ఆయన, మంచి మనిషి. పంచె మీంచే నడుం నొక్కాడు, మోకాళ్ల మీద చిన్న సుత్తితో కొట్టాడు. ఏమీ తేలక, యంత్రంతో లోపలి ఎముకల బొమ్మ తియ్యాలన్నాడు. కంపౌండరు కాశీవిశ్వనాథం గారు వచ్చి, "ఒంటి మీద లోహం ముక్క కూడా ఉండకూడదు, అన్నీ తీసెయ్" అన్నారు. మా ఆయన చెవిపోగులు, రాగి ఉంగరం తీసి నా కొంగులో వేశాడు.

"అన్నీ తీశావా?"

"తీసినాను బాబూ" అన్నాడు, పంచె బిగించుకుంటూ.

బొమ్మ అద్దం పలక మీద పడుతుందట. దాన్ని ప్లేటు అంటారు. ఆ ప్లేటు కటకం పంపి అక్కడి పెద్ద డాక్టర్ల చేత చూపించాలి. మునుపు మద్రాసు వాళ్ల కింద ఉన్నప్పుడు ఇలాంటివి విశాఖపట్నం వెళ్లేవట. ఒరిస్సా వేరయిపోయింది కాబట్టి ఇప్పుడు కటకం. పదిహేను రోజులకు రమ్మన్నారు.

ఆ పదిహేను రోజులూ ఆయన్ని నీళ్లలో కాలు పెట్టనివ్వలేదు. పొద్దస్తమానం మొగుడు ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో పెళ్లయిన ఇన్నేళ్లకు తెలిసింది. గుమ్మంలో కూర్చుని వల బాగుచేస్తాడు, నేను పులుసు పెడుతుంటే "సింతపండు సాల్లేదే" అంటాడు, మళ్లీ ముమ్మారు వడ్డించుకుంటాడు. "మావా, నోరు ముయ్యి" అని కసిరేదాన్నే గానీ నాకు లోపల ఎంత హాయిగా ఉండేదో. అంత భయంగానూ ఉండేది. కాలు తీసేస్తారేమో, సముద్రం మానెయ్యమంటారేమో. సముద్రం మానితే ఈ మనిషి మనిషిగా ఉండడని నాకు తెలుసు.

పదహారో రోజున వెళితే డాక్టరు ముందు తలుపు దగ్గరికి వేశాడు. ఆయన గొంతు తగ్గించి అడిగాడు. "నీకు ఎప్పుడైనా తుపాకీ దెబ్బ తగిలిందా?"

మా ఆయన వెర్రిమొహం వేశాడు. "తుపాకీ ఏటి బాబూ? నాను సేపల్ని పట్టేవోణ్ణి, పులుల్ని కాదు."

"నా దగ్గర దాచకు. నీ తుంటి దగ్గర తూటా ఉంది. కటకం వాళ్లూ అదే రాశారు. సోమవారం కోసి తీస్తాం."

కొయ్యడం అనే మాట విని మా ఆయన రెక్క పట్టుకున్నాను. ఆ వెంటనే తూటా మాట గుర్తొచ్చి కోపం వచ్చేసింది. "రంగూన్ల ఏటి సేసినావు మావా? మూడేళ్ల కిందట రంగూన్ ఎల్లినావు కదా, అక్కడ ఎవులితో తగువెట్టుకున్నావు? సెప్పు!"

"ఓలమ్మా, నాను బియ్యం బస్తాలు మోసినానే. తుపాకీని కంటితో కూడా సూడలేదు!"

డాక్టరు మా గొడవ ఆపడానికి ప్లేటు తీసి కిటికీ వెలుగుకి పట్టాడు. మా ఆయన ఎముకలు పొగలో ఉన్నట్టున్నాయి. తుంటెముక మీద తెల్లగా ఒక ముక్క మెరుస్తోంది. ఖర్జూరపు గింజంత ఉంది, రెండు కొసలూ సన్నగా, నడుమ ఉబ్బుగా. ఒక పక్క చిన్న నొక్కు. దగ్గరికి వెళ్లి ఆ నొక్కును చూశాను. నా నాలుక నా వంకర పన్ను మీదికి పోయింది.

"బాబూ, అది తూటా కాదు. నా పూస" అన్నాను.

ఏడేళ్ల కిందట మా ఆయన తెప్ప తిరగబడింది. చెల్లాచెదురైన తెప్ప దుంగలకు చుట్టుకున్న వలను పట్టుకుని తెల్లారేదాకా తేలాడు. ఆ వలకు బరువు కోసం కట్టిన సీసపు పూసల్లో ఒకదాన్ని ఈ వంకర పంటితో నొక్కి ఊడదీసి, గట్టి వలతాడుకు గుచ్చి ఆయనకు మొలతాడుగా కట్టాను. ఆయన్ని కాచిన వల కదా, ఎప్పటికీ కాస్తుందని.

డాక్టరు ఎగిరిపడ్డాడు. "లోహం తియ్యమని చెప్పారా లేదా?"

"మొలతాడు ఎవులైనా తీస్తారేటి బాబూ?" అన్నాడు మా ఆయన. "నాను బతికే ఉన్నాను గదా."

మాలో అంతే. మగాడి నడుం ఒక్క క్షణం కూడా బోసిగా ఉంచరు. మొలతాడు తెంపేది పాడె ఎక్కించే ముందే.

డాక్టరు కోపం నవ్వులోకి దిగింది. పంచె జరిపి చూశాడు. కట్టినప్పుడు మనిషి ఎండుకర్రలా ఉండేవాడు, ఇప్పుడు బొజ్జ కింద తాడు ఒంట్లోకి దిగిపోయి నల్లటి గాడి పడింది. పూస మీద వేలు పెట్టి నొక్కగానే మా ఆయన "ఓలమ్మో!" అని తొడను మోకాలిదాకా పట్టుకున్నాడు.

"ఇదే నీ జబ్బు" అన్నాడు డాక్టరు. తొడకు వెళ్లే నరం అక్కడే పోతుందట, పూస దాన్ని నలిపేస్తోందట. "కొయ్యక్కర్లేదు. తాడు తీసేస్తే మెల్లగా తగ్గుతుంది. ఉంచితే ఆ తిమ్మిరి పోదు."

నాకు ఏడుపు ఆగలేదు. నా చేత్తో కట్టి, నేనే వాతలు పెట్టించాను.

"ఊరుకోయే" అన్నాడు మా ఆయన. "నీ పులుసు తిని బొజ్జ పెంచింది నానే కదేటి."

కంపౌండరు గారు కత్తెర తెచ్చారు. మా ఆయన రెండు చేతులూ నడుముకు అడ్డం పెట్టుకున్నాడు. "కాలు పోతే పోనీ, తెంపనివ్వను." నాక్కూడా ఆ కత్తెర చూస్తే పాడె గుర్తొచ్చింది. కానీ కెరటాల్లో జారిపోయిన ఆ రోజు కళ్ల ముందు ఆడింది.

"కత్తెర అక్కర్లేదు బాబూ. కట్టింది నాను, నానే ఇప్పుతాను. కట్లు కట్టే గుడ్డ ఒక పేలిక ఇప్పించండి."

ముందు ఆ పేలికను ఆయన నడుముకు వదులుగా, పిడికిలి దూరేంత వదులుగా కట్టాను. నడుం బోసిగా లేదని ఆయన్నే తడిమి చూసుకోమన్నాను. అప్పుడు పాత ముడికి పళ్లు వేశాను. ఏడేళ్ల ఉప్పుకి బిగిసిన ముడి, చాలాసేపటికి గానీ రాలేదు. ఆయన కళ్లు గట్టిగా మూసుకుని నా భుజం పట్టుకున్నాడు. పూసను అక్కడే నా పుస్తెలతాడుకు కట్టుకున్నాను.

దారి పొడుగునా "ఇంకా మండతన్నాదే" అని సణుగుతూనే ఉన్నాడు. "రెండేళ్ల మంట రెండు గడియల్లో పోద్దేటి మావా?" అన్నాను. తగ్గడానికి రెండు నెలలు పట్టింది.

దసరా వెళ్లాక తెప్ప దింపాడు. కాలు నిలబడింది. ఇప్పటికీ రోజూ తెప్ప నెట్టేముందు వెనక్కి తిరిగి, అందరూ చూస్తుండగా నా మెడ వంక చూస్తాడు.

"ఉన్నాదా?"

"ఉన్నాది. ఎల్లు మావా."