యూఫ్రేజీని మాకే సాయంగా పంపిన వైనం

సాంత్ ఒడీల్ అనే చిన్న ద్వీప దేశపు విదేశాంగ శాఖలో మేం ముగ్గురమే. మంత్రి థియోడ్యూల్ మాంటూట్ గారు, కార్యదర్శి వెర్లిన్ గారు, ఉత్తరాలు టైపు చేసే నేను. మా కింద అంతస్తు చేపల బజారు కాబట్టి ఏ దేశపు రాయబారి వచ్చినా ఎక్కువసేపు కూర్చోడు.

నలభై ఏళ్ళుగా మా పనల్లా సాయం అడగడం, వచ్చినదానికి కృతజ్ఞతలు రాయడం. ఆ ఏడాది సాయాల మహాసభలో ఇచ్చే దేశాలను ముందు వరసలోనూ, పుచ్చుకునే దేశాలను వంటింటి తలుపు దగ్గరా కూర్చోబెట్టారు. వడ్డించేవాళ్ళు తలుపు తోసుకుని వచ్చినప్పుడల్లా అది మా మంత్రిగారి భుజానికి తగిలేది. మూడోసారి తగిలేసరికి ఆయన లేచి నిలబడ్డారు. సరిగ్గా ఆ వారమే ఉత్తరాన హోల్మ్‌లాండ్‌లో మంచు తుఫానుకు కరెంటు తీగలన్నీ తెగిపడ్డాయి. కరెంటు లేకుండా బతకడం తెలిసిన నిపుణురాలిని మా దేశం హోల్మ్‌లాండ్‌కు సాయంగా పంపుతోందని ఆయన ప్రకటించారు. సభంతా చప్పట్లు. నిర్వాహకులే ఆయన కుర్చీని మోసుకెళ్ళి ముందు వరసలో వేశారు.

అలాంటి నిపుణురాలు మనకెక్కడుందని తిరిగొచ్చాక వెర్లిన్ గారు అడిగారు.

"మాట ఇచ్చేశానమ్మా. ఇక మనిషిని వెతకడమే మిగిలింది," అన్నారాయన.

అలా యూఫ్రేజీ పేరు బయటికొచ్చింది. ఆమె తూర్పు తీరాన బెల్‌రీవ్‌లో ఉప్పు చేపలు అమ్ముతుంది. పెద్ద తుఫాను తర్వాత ఆ ఊళ్ళో ఐదు నెలలు కరెంటు లేకపోతే, వీధికొక కుంపటి పెట్టించి ఊరందరికీ వండించింది. పైగా కళ్ళ ఆపరేషన్‌కు పక్క దీవి మార్తినీక్ వెళ్ళినప్పటి పాస్‌పోర్టు ఇంకా చెల్లుతోంది.

"వాళ్ళకి నేనేం చెప్పాలి సారూ?" అంది ఆమె, మా ఆఫీసు కుర్చీ అంచున కూర్చుని.

"మీరు చేసిందే చెప్పండి."

"నేనేం చేశాను? ఆకలేసింది, వండుకున్నాం."

ఆ మాటనే దేశ విధానంగా రాసుకోమన్నారు మంత్రిగారు. రాసుకున్నాను.

హోల్మ్‌లాండ్ విమానాశ్రయంలో ఆమెను నాలుగు గంటలు నిలబెట్టారు. చుట్టపుచూపుగా వచ్చేవాళ్ళకు కాగితం ఉంది, పనికి వచ్చేవాళ్ళకు ఉంది, తలదాచుకోవడానికి వచ్చేవాళ్ళకూ ఉంది. సాయం చెయ్యడానికి వచ్చేవాళ్ళకు మాత్రం లేదు. చివరికి ఇంగెర్ అనే అధికారిణి, కాగితాల సంగతి తర్వాత చూద్దామని, ఆమెను ఏడంతస్తుల మేడకు తీసుకెళ్ళింది. అక్కడివాళ్ళు ఫ్రిజ్‌లో పాలు విరిగిపోతున్నాయని దిగులుగా కూర్చున్నారు. కిటికీ అవతల మోకాలి లోతు మంచు. యూఫ్రేజీ కిటికీ తీసి పాల సీసాలు బయట పెట్టింది. తర్వాత తలుపులన్నీ తట్టి, ఎవరింట్లో ఉన్నది వాళ్ళను తెమ్మని, మెట్ల కింద కుంపటి పెట్టించి ఒకే కుండలో వండించింది. పదకొండేళ్ళుగా ఎదురెదురు గుమ్మాల్లో ఉన్న ఇద్దరు ముసలాళ్ళు ఆ కుండ దగ్గరే మొదటిసారి పేర్లు చెప్పుకున్నారట. కరెంటు వచ్చిన రోజున సగంమంది ఏడ్చారట.

చిక్కంతా ఆ తర్వాతే వచ్చింది. హోల్మ్‌లాండ్ చట్టం ప్రకారం సాయం ఆ దేశం నుంచి పోవాలే గానీ దానికి రాకూడదు. అప్పటికే జరిగిపోయిన సాయాన్ని ఏం చెయ్యాలో తెలియక, ఇంగెర్ యూఫ్రేజీని తమ దేశపు నిపుణురాలిగా నమోదు చేసింది. అలా నమోదైనవాళ్ళు స్వదేశంలో ఊరికే కూర్చోకూడదు, ఏదో ఒక పేద దేశానికి వెళ్ళాలి. జాబితా తిరగేస్తే మేమే కనిపించాం.

కరెంటు లేకుండా బతకడం మీకు నేర్పడానికి మా నిపుణురాలిని పంపుతున్నాం, దయతో స్వీకరించండి అని ఉత్తరం వచ్చింది. మంత్రిగారు రెండుసార్లు చదివారు. వద్దని రాద్దామా అని నేను అడిగితే, మన రేవు గోడ కడుతున్నది వాళ్ళేనని వెర్లిన్ గారు గుర్తు చేశారు. స్వీకరించాం.

బ్యాండు మేళంతో ఎదురెళ్ళాం. వెళ్ళేటప్పుడు కట్టుకున్న మద్రాసు గళ్ళ తలగుడ్డతోనే దిగింది యూఫ్రేజీ.

"మా దేశానికి స్వాగతం. మా వాతావరణం ఎలా ఉందండీ?" అన్నారు మంత్రిగారు.

"బానే ఉంది సారూ. మీ భుజం నొప్పి తగ్గిందా?" అంది ఆమె.

ఒప్పందం ప్రకారం నిపుణులు వేడినీళ్ళ హీటరున్న చోటే ఉండాలి. ఆమె ఇంట్లో హీటరు లేదు. హోటల్లో పెట్టాం. భర్త సిల్వనస్ రోజూ ఫ్లాస్కులో కోకో టీ తెచ్చేవాడు. కాపలావాడు అతని మేనల్లుడే. అయినా పుస్తకంలో ‘స్థానికుడు’ అని రాసుకుని, సాయంత్రం ఆరు కాగానే పంపించేసేవాడు. మెత్తని పరుపు మీద నిద్ర పట్టడం లేదని, పక్కన గురక లేకపోతే సముద్రం ఆగిపోయినట్టుందని ఆమె నాతో చెప్పింది.

బెల్‌రీవ్ చర్చి హాల్లో పాఠాలు మొదలయ్యాయి. మొదటి రోజే ఆమె ఆడపడుచు ఒక్తావీ లేచి నిలబడింది.

"అమ్మగారూ, కుంపటి ఎట్టా రాజెయ్యాలో మాక్కూడా చెప్పండి. మేం మొద్దులం కదా."

హాలంతా నవ్వింది. యూఫ్రేజీ ముఖం నల్లబడింది.

"నాకు కుంపటి రాజెయ్యడం నేర్పింది మీ అమ్మే వదినా," అంది మెల్లగా. "ఇటొచ్చి నువ్వే చెప్పు. నేను కూర్చుని వింటాను."

ఒక్తావీ ముందుకు వచ్చింది, తడబడుతూనే చెప్పింది. మర్నాడు ఇంకొకరు సీమపనస కాల్చడం చెప్పారు. యూఫ్రేజీ అన్నీ రాసుకుని నివేదికలు పంపింది. అవి హోల్మ్‌లాండ్‌కు ఎంత నచ్చాయంటే ఆమె గడువు మరో రెండేళ్ళు పొడిగించారు.

ఆ వార్త విని సిల్వనస్ మా ఆఫీసుకొచ్చి కదలకుండా కూర్చున్నాడు. పెళ్ళాం అయినా కావాలి, హీటరైనా కావాలి అన్నాడు. వెర్లిన్ గారు హోల్మ్‌లాండ్‌ను ఒక హీటరు సాయం అడిగారు. మూడు నెలలకు ఓడలో వచ్చింది. దాని ప్లగ్గు మా సాకెట్లలో పట్టదు. అయితే ఒప్పందంలో హీటరు ఉండాలని ఉంది గానీ పనిచెయ్యాలని లేదు.

యూఫ్రేజీ ఆ సాయంత్రమే ఇంటికి మారింది. హీటరును పెరట్లో పెట్టారు. వారం తిరక్కుండానే దాని మీద కోడి పొదిగింది.