వెతికినవి మరిచిపోయే దీపం

మొదలుపెట్టిననాడు చిన్నదాని చేతిలో ఉన్నవి పద్దెనిమిది వేల నాలుగు వందలు. పాత ల్యాప్‌టాప్‌కే తొమ్మిది వేలు పోయాయి. మిగతాది ఖర్చు పెట్టబోతుంటే అక్క మొగుడు అడ్డుపడ్డాడు. "దాచుకో మరదలా. సర్వర్ అద్దె నా మీద వదిలెయ్. నువ్వు బుర్ర పెట్టు, నేను పర్సు పెడతా."

యాప్‌లో పెట్టాల్సిన సరుకు నాన్న కొట్టులోనే ఉంది. నాన్న గడియారాలు బాగుచేస్తాడు. ఆయన బల్లమీద మెడ వంగిన దీపం ఒకటుంది. ఏదైనా పోగొట్టుకున్నవాళ్ళు వచ్చి దాని ముందు నిలబడి అడిగితే, వెలుగు బల్ల దిగి, గడప దాటి, సందు మలుపు తిరిగి, పోయిన వస్తువు మీద ఆగేది. వెతుక్కునేవాళ్ళు దాని వెనకాలే నడిచేవాళ్ళు. ఎదురొచ్చే సైకిళ్ళు పక్కకి తప్పుకునేవి.

నాన్న అందుకు ఏమీ పుచ్చుకునేవాడు కాదు. ఎవరేం వెతుక్కున్నారో ఎవరికీ చెప్పేవాడూ కాదు. అమ్మ గుచ్చి గుచ్చి అడిగినా, "ఏమో, గుర్తులేదే" అని చక్రాల మీదకి వంగిపోయేవాడు.

దీపం ఒకటి, వెతుక్కునేవాళ్ళు ఊరంతా. ఈ లెక్క చిన్నదానికి నిద్రపట్టనిచ్చేది కాదు. చివరికి ఒక మధ్యాహ్నం, కుళాయి కింద బిందె పెట్టినట్టు దీపం కింద ఫోన్ పెట్టి, నిండేదాకా కూర్చుంది.

"అందరికీ ఇస్తావా? ఇవ్వు," అన్నాడు నాన్న. "కానీ ఎవరేం వెతుక్కున్నారో నీ యంత్రం కూడా మరిచిపోవాలి."

"మరిచిపోతుంది నాన్నా. మొట్టమొదట రాసేది అదే."

రాసింది. ఆరు నెలల్లో లక్షమంది ఫోన్లలో ఆ వెలుగు వెలిగింది. వేరే వెలుగేం కాదు, నాన్న బల్లమీదిదే. అది ఆరితే అన్నీ ఆరినట్టే. సర్వర్ అద్దె పెరుగుతోందని బావ అంటే, అడుగున సన్నటి ప్రకటన ఒకటి పెట్టుకోవడానికి లెక్క చూసుకునే ఒప్పుకుంది. పంచెకి అంచులాగా ఉంటుందిలే అనుకుంది.

ఒకరోజు పక్కవీధి కుట్టుమిషను పిన్ని ఫోన్ చేత్తో పట్టుకుని కొట్టు మెట్లెక్కింది.

"ఏమ్మా, మీ బాబాయి కళ్ళజోడు కనబడకపోతే నీ వెలుగునే అడిగాను. ఇంకెవరితోనూ అనలేదు. అప్పట్నుంచీ ఎక్కడ చూసినా కళ్ళజోళ్ళే. వార్తలు తెరిస్తే కళ్ళజోళ్ళు, పాట పెడితే కళ్ళజోళ్ళు. మీ బాబాయి జోడు పోయిన సంగతి ఆ అద్దాల కొట్లవాళ్ళకి ఎవరు చెప్పారమ్మా?"

"జోడు దొరికిందా పిన్నీ?"

"ఎక్కడ దొరికిందీ! వెలుగు వెతకడానికి బయల్దేరేలోపు ఇంకోటి కొనుక్కోమంటుంది."

చిన్నది ల్యాప్‌టాప్ తెరిచింది. మరిచిపొమ్మని తను రాసిన చోట ఏమీ లేదు. శుభ్రంగా తుడిచేసి ఉంది. దానికి రెండో తాళం ఉన్నది ఒక్క బావ దగ్గరే.

అంతలో నాన్న చేతిలోంచి ఆవగింజంత చక్రం జారి కింద పడింది. ఆయన అలవాటుగా దీపం మెడ వంచి అడిగాడు. వెలుగు నేల వైపు వెళ్ళలేదు. గోడ మీద ఆరు కాఫీ కప్పులు మెరిశాయి.

"ఇవెవరివే?"

"మనవి కావు నాన్నా."

"మరి మన చక్రం?"

"ఐదు సెకన్లు ఆగాలి," అంది చిన్నది.

బావ ఎప్పటిలాగే నవ్వుతూ వచ్చాడు. తుడిచింది తనేనని దాచలేదు కూడా.

"ఊరికే వస్తే ఎవడికీ విలువుండదు మరదలా. అంచు ప్రకటనతో అద్దె కూడా గిట్టదు. ఎవడికేం పోయిందో తెలిస్తే, అది అమ్మేవాడు పదింతలిస్తాడు. జనానికేం నష్టం? పోయినదానికి బదులు కొత్తది వస్తుంది."

"నాకొక్క మాట చెప్పాల్సింది."

"చెబితే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకోనని తెలిసేగా చెప్పలేదు!"

బావ దీపం వైపు తిరిగి దణ్ణం పెట్టాడు. "నువ్వే తీర్పు చెప్పు తల్లీ. నేనేం పోగొట్టుకున్నానట?"

గోడ మీద కొత్త బూట్లు మెరిశాయి. "చూశారా మామయ్యా, నావి అరిగిపోయాయని దానికెంత బెంగో!" అని బావ పకపకా నవ్వాడు. బూట్లు చెరిగిపోయాయి. వెలుగు గోడ దిగి, బల్ల మీద పాకి, చిన్నదాని మొహం మీదకొచ్చి ఆగింది.

బావ పక్కకి జరిగాడు. వెలుగు జరగలేదు. ఆయన నవ్వు సగంలోనే ఉండిపోయింది.

"ఈ దీపం చూపించినవన్నీ జనం ఇంటికి పట్టుకుపోయేవాళ్ళు అల్లుడూ," అన్నాడు నాన్న మెల్లగా. "ఇదొక్కటీ, ఈ పిల్ల నమ్మకం, నీతో రాదులే. చిన్నదానా, ఆర్పెయ్."

"మామయ్యా, లక్షమంది! మీ పనో? ఆ చక్రాలు మీ కళ్ళకి ఆనతాయా?"

"ఆనవు. చిన్నదానికున్నాయిగా కళ్ళు."

చిన్నది మీట నొక్కింది. వీధిలో నడుస్తున్నవాళ్ళు ఒక్కసారిగా ఆగి, నల్లబడ్డ ఫోన్ల వైపు చూసుకున్నారు. బావ అరిగిన బూట్లు తొడుక్కుని మెట్లు దిగిపోయాడు.

చిన్నది కిటికీ రెక్కలు బార్లా తీసి, నేలమీద మోకాళ్ళూనింది. "చీపురు ముట్టుకోకు, అరచేత్తో తడుము," అన్నాడు నాన్న. కాస్సేపటికి బల్లకోడు పక్కన చక్రం అరచేతికి గుచ్చుకుంది.

పద్దెనిమిది వేల నాలుగు వందల్లో ఇంకా మూడు వేల చిల్లర మిగిలి ఉంది. ముందు బల్లమీదకి ఒక మామూలు బల్బు తేవాలి. అట్నుంచటే పిన్ని ఇంటికెళ్ళి, బీరువా వెనకా మిషను కిందా చేత్తో వెతకాలి. జోడు దొరికాక, ఎక్కడ దొరికిందో మరిచిపోవాలి.

చిన్నది చెప్పుల్లో కాళ్ళు దూర్చింది.

"నాన్నా, ఎన్ని వాట్లది తేను?"