ఉతకని గుడ్డ

ఒంటరితనం పిల్లిదా, నాదా? మధ్యాహ్నాలు ఇస్త్రీ బల్ల ముందు నిలబడి నన్ను నేను ఈ ప్రశ్న అడుగుతూ వచ్చాను. పిల్లి తన బాధ చెప్పుకోదు. చెప్పుకోనివారి బాధను మనం మన మాటల్లోనే ఊహిస్తాం. ఆ ఊహలో వారి పాలెంతో, మన పాలెంతో తేల్చే తూనిక నాకింతవరకు దొరకలేదు.

మాది లాండ్రీ. కింద దుకాణం, పైన ఇల్లు. నేను పెళ్ళి చేసుకోలేదు. బావ పోయాక అక్క ఇక్కడికే వచ్చేసింది. ఇద్దరం కలిసి దుకాణం నడుపుతున్నాం. మబ్బు, మసి ఒకే ఈతలో పుట్టిన పిల్లులు. చలికాలం చివర మసి చనిపోయింది. ఆనాటి నుంచి బూడిదరంగు మబ్బు తిండి తగ్గించింది. ఎత్తుకుంటే చేతికి ఎముకలు తగిలేవి.

బాయిలరు ఆవిరి గదంతా పరుచుకున్నప్పుడు, కమ్మీకి వేలాడే తెల్ల చొక్కాల కింద అది మెల్లగా తిరిగేది. లోపల మనుషులు లేని ఆ చొక్కాలు ఆవిరికి కొద్దిగా కదిలేవి. మబ్బు ఒక్కొక్కదాని కింద ఆగి తలెత్తి చూసేది. ఆవిరిలో దాని ఒళ్ళు కనిపించక కళ్ళు మాత్రమే తేలుతున్నట్టుండేది. అప్పుడు ఎవరు ఎవరి కలలో తిరుగుతున్నారో నాకు అంతుపట్టేది కాదు. చివరకు అది ఉతకవలసిన బట్టల కుప్ప ఎక్కి, అందులో ముఖం దూర్చి పడుకునేది. మాసిన బట్టల్లో దీనికేం సుఖమో అని సణుగుతూ అక్క దాన్ని రోజూ అక్కడి నుంచి లేపేది.

దానికి ఒక తోడు వెతకాలని ఇద్దరం అనుకున్నాం. బేకరీ ఆయన దగ్గర ఒక పిల్లికూనను అడిగి తెచ్చాను. కూన గది నలుమూలలా గెంతింది. మబ్బు బీరువా ఎక్కి, కూనను తిరిగి ఇచ్చేదాకా కిందికి దిగలేదు. సంబంధం చూసేవాడివి ఈడూజోడూ చూడొద్దా అని అక్క నన్ను దెప్పింది.

ఆ తర్వాత పశువుల డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళాను. ఆమె ఆసుపత్రి కిటికీలో ఒంటికన్ను గండుపిల్లి ఒకటి కూర్చుని ఉంది. దాని యజమాని పోయాక వెంట తీసుకువెళ్ళేవారు లేక అక్కడే మిగిలిపోయిందట. బోనుల్లో ఏ జంతువు మూలిగినా వెళ్ళి పక్కన పడుకుంటుందట. అది తన మంచి కన్నును వీధి మీద నిలిపి, తొందరపెట్టని ఎదురుచూపుతో కూర్చుంది. దాన్ని చూస్తూ నేను వచ్చిన పని కాసేపు మరిచిపోయాను.

పిల్లులకు ముందు చూపులు పనికిరావని, వాసన కలవాలని డాక్టరమ్మ చెప్పింది. గండుపిల్లి కింద పరిచిన గుడ్డను లాగి నా చేతికిచ్చింది.

“ఇది మీ పిల్లి పడుకునే బుట్టలో పెట్టండి. చెంప రుద్దుకున్నా, దాని మీద పడుకున్నా చాలు, కుదిరినట్టే. అసలు పట్టించుకోకపోతే మాత్రం బలవంతం చెయ్యొద్దు. వేరే ఊరివాళ్ళు కూడా దీన్ని అడుగుతున్నారు. మీ మాట విన్నాకే వాళ్ళకి చెప్తాను.”

నేను దుకాణానికి వచ్చేసరికి బట్టలిచ్చేవారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. గుడ్డను బల్ల మీద పెట్టి, అది దేనికో అక్కకు చెప్పి, వారి పనిలో పడ్డాను. మర్నాడు అక్కే దాన్ని బుట్టలో పెట్టింది. మబ్బు వచ్చి ఒకసారి ముక్కు ఆనించింది. తర్వాత నేల మీద నడిచినట్టే దాని మీదుగా నడిచి వెళ్ళిపోయింది. ఒంటికన్నయ్య ముఖం చూడకుండానే కాదందని అక్క నవ్వింది. నేను డాక్టరమ్మకు ఫోన్ చేసి కుదరలేదని చెప్పాను. సరే, శనివారం సాయంత్రం ఆ ఊరివాళ్ళకు ఇచ్చేస్తానంది.

చెప్పానే గాని మనసు ఒప్పుకోలేదు. మబ్బు వద్దన్నదా, నేనే అలా అర్థం చేసుకున్నానా? వద్దన్నదాన్ని తెచ్చి మీద రుద్దడం ప్రేమ అవుతుందా? ఇవన్నీ అక్కతో అంటే ఆమె చొక్కా మెడపట్టీ తిప్పుతూ విన్నది.

“పిల్లి నేల మీదే ఉందిరా. గోడ మీదున్నది నువ్వే.”

శనివారం మధ్యాహ్నం, గుడ్డ డాక్టరమ్మకు తిరిగి ఇద్దామని బుట్టలోంచి తీశాను. మడత విప్పబోయి ఆగాను. అంచుకు అంచు కలిసిన మడత, గీత గీసినట్టున్న ఇస్త్రీ. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. సబ్బు, గంజి, కాగిన ఇనుము. ఎవరి వాసనా కాని వాసన. మాకు అన్నం పెట్టేది ఆ వాసనే.

“అక్కా, దీన్ని ఉతికావా?”

అక్క ఇస్త్రీ పెట్టెను పక్కకు నిలబెట్టి గుడ్డ వైపు చూసింది. “ఉతికే ఉంటాన్రా. బల్ల మీద మాసిన గుడ్డ కనిపిస్తే ఈ చేతులు ఊరుకుంటాయా? చేతులకి చెవులుంటాయా, నువ్వేం చెప్పావో వినడానికి?”

నాకు నవ్వు వచ్చింది, వచ్చినంత తొందరగానే పోయింది. మసి పరుపు కూడా అది చనిపోయిన రోజే ఉతికి ఆరేశాం. ఈ ఇంట్లో ఎవరైనా ఇంకా మిగిలి ఉన్న చోటంటూ ఉంటే అది ఆ మాసిన బట్టల కుప్పే. మబ్బు అందులోనే వెతుక్కుంటోంది. ఈ మాట అక్కతో అన్నాను.

ఆవిరి మా ఇద్దరి మధ్య నుంచి తేలుతూ పోయింది. కుప్ప మీద మబ్బు కళ్ళు తెరిచి మళ్ళీ మూసుకుంది.

“మీ బావ చొక్కాలూ అంతే,” అంది అక్క. “ఆయన పోయినప్పుడు వచ్చినవాళ్ళు వెళ్ళీ వెళ్ళకముందే అన్నీ ఉతికేశాను. తర్వాత బీరువా తీస్తే సబ్బు వాసన.”

నా ప్రశ్న ఆ క్షణంలో చిన్నదైపోయింది. ఒంటరితనం ఎవరిదని అడుగుతూ కూర్చున్నాను. అది పంచుకుంటే విడిపోయే వస్తువు కాదు, ఈ ఆవిరిలాగా గదిలో ఉన్న అందరి మీదా ఉంది. మబ్బు ఔనంటుందో కాదంటుందో నాకు ఇప్పటికీ తెలియదు. అడగవలసినట్టుగా దాన్ని మేము ఇంకా అడగనే లేదు.

డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఆ ఊరివాళ్ళు ఇంకా దారిలో ఉన్నారంది.

“ఇవ్వకండి,” అన్నాను. “నేను వస్తున్నాను. దాని పక్కగుడ్డ ఏదీ ఉతకొద్దు. ఉన్నది ఉన్నట్టే ఇవ్వండి.”

సాయంత్రం బట్టలు తీసుకువెళ్ళేవారికి ఏం చెప్పాలని అక్క అడగలేదు. కుప్ప దగ్గరకు వెళ్ళి, మబ్బు రోజూ పడుకునే మా పాత దుప్పటిని దాని కింద నుంచి మెల్లగా లాగింది. అలవాటు చొప్పున చేతులు మడత కోసం కలిశాయి. మధ్యలో ఆగాయి. వెంట్రుకలతో, దుమ్ముతో ఉన్న ఆ దుప్పటిని ఉండగా చుట్టి బుట్టలో పెట్టింది.

“ముందు ఆ ఒంటికన్నయ్యనీ దీని వాసన చూడనీ,” అంది.

నేను బాయిలరు ఆర్పి, షట్టరు సగం దించి, బుట్ట చంకన పెట్టుకుని వీధిలోకి నడిచాను.