గీతలు చెరిగిన బొటనవేలు

నేను ఒక మడత ఫోన్‌ని. మూస్తే గుప్పెట్లో ఇమిడిపోతాను, తెరిస్తే చిన్న పుస్తకమంత అవుతాను. నా నడుములో ఒక కీలు ఉంది. ఆ కీలు మీదుగా తెరపై ఒక ముడత పడింది. మనిషి నుదుట ముడత పడితే అనుభవం అంటారు, నాకు పడితే ధర తగ్గిందన్నారు. సరే, లోకం తీరు.

నన్ను తయారుచేసినవాళ్లు నాలో ఇద్దరు కాపలావాళ్లను పెట్టారు. ఒకడు పక్క బొత్తాం కింద కూర్చుని వేలిముద్ర చూస్తాడు. రెండోవాడు ముందు కెమెరా వెనక నిలబడి ముఖం చూస్తాడు. ఇద్దరిలో ఎవడు గట్టివాడని మనుషులు వాదించుకుంటుంటే చాలాసార్లు విన్నాను. వేలివాడు చీకట్లోనైనా పనిచేస్తాడు గానీ చెయ్యి తడిగా ఉంటే మొండికేస్తాడు. ముఖంవాడికి చేతులతో పనిలేదు గానీ వెలుతురు కావాలి, కళ్లు తెరిచి ఉండాలి, మూతికి గుడ్డ అడ్డం రాకూడదు. ఇద్దరూ కాదంటే నాలుగంకెలు అడగాలి. నాకు తెలిసిన ధర్మశాస్త్రం ఇంతే. విచక్షణ అనేది నాలో పెట్టలేదు.

నా మొదటి యజమాని విశాఖపట్నంలో ఇళ్లస్థలాలు అమ్మే గొట్టిముక్కల సోమరాజుగారు. ఆయన నన్ను తెరిచేది ఎదుటివాడు చూడడానికి. భోజనమయ్యాక కుర్చీలోనే కునుకు తీసేవారు. అప్పుడు ఆయన భాగస్వామి పిల్లిలా వచ్చి, ఆయన బొటనవేలు ఎత్తి నా బొత్తాం మీద ఆనించేవాడు. నిద్రపోయేవాడి వేలికి విశ్వాసం ఉండదు. వేలు సరైనదే కాబట్టి నేను తెరుచుకునేదాన్ని. సంగతి బయటపడ్డాక రాజుగారు వేలిని పక్కనపెట్టి ముఖానికి మారారు. తర్వాత నా తెర మీద ముడత పడింది, నా చోటికి కొత్త ఫోను వచ్చింది. నేను చేతులు మారి, రాజుగారి ఫోటోలూ నంబర్లూ అన్నీ తుడిపించుకుని, పలాసలో ఒక కొట్టు అద్దాల బీరువాలోకి చేరాను.

అక్కడ నన్ను కొన్నది తామాడ ఆదిలక్ష్మి. జీడి కార్ఖానాలో పిక్కలు కొట్టే మనిషి. ఆమె తోటి పనిమనిషి గున్నమ్మ నన్ను చూసి, “డబ్బులెట్టి ఇరిగిపోయిన ఫోను కొన్నావేటే?” అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది. అయితే ఆదిలక్ష్మికి కావలసింది ఆ విరుపే. ఆమె కూతురు హైమకి పుట్టుచెవుడు, మాట రాదు. పేరు రాయడం తప్ప అక్షరం తెలియదు. తల్లీకూతుళ్లు ఇంట్లో తమకు తాము కల్పించుకున్న సైగలతో మాట్లాడుకుంటారు. ఆ భాష లోకంలో వాళ్లిద్దరికే తెలుసు. వీడియోలో సైగ చెయ్యాలంటే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కదా. నన్ను సగం మడిస్తే ఎవరి ఆసరా లేకుండా బల్ల మీద కూర్చుంటాను. సోమరాజుగారి దగ్గర అన్నాళ్లున్నా నా నడుము ఎందుకు వంగుతుందో నాకు ఆ ఇంట్లోనే తెలిసింది.

తాళాలు పెట్టింది హైమే. తల్లి బొటనవేలు, తల్లి ముఖం, నాలుగంకెలు. అప్పుడు వానాకాలం, కార్ఖానా మూసి ఉంది, ఆదిలక్ష్మి వేళ్లు నున్నగా మానిపోయి గీతలు తేరి ఉన్నాయి. పని మొదలైన వారానికే ఆ గీతలు పోయాయి. జీడిపిక్క పెంకులో ఒక నల్లటి రసం ఉంటుంది. చేతులకు ఆముదం రాసుకున్నా, బూడిద అద్దుకున్నా అది చర్మాన్ని కాల్చి పొరలు పొరలుగా ఊడదీస్తుంది. వేలివాడు నాలుగైదుసార్లు చూసి ఈవిడెవరో నాకు తెలియదన్నాడు. ఆమెకది కొత్త కాదు, రేషను బియ్యం దగ్గర యంత్రమూ ఏటా అదే మాట అంటుంది. ఇక ముఖంతోనే గడిచిపోయింది. అంకెలు అడిగిన రోజున హైమే వచ్చి నొక్కేది. తాళం తనదైనా తాళంచెవి కూతురి దగ్గర వదిలేసిన తల్లి ఆదిలక్ష్మి.

హైమకి ఇరవై రెండేళ్లు వచ్చాక శ్రీకాకుళంలో కుట్టుపని శిక్షణకు పది రోజులు వెళ్లింది. ఇల్లు విడిచి ఉండడం అదే మొదటిసారి. రోజూ సాయంత్రం నా తెర మీద కనిపించి చేతులతో బోలెడు కబుర్లు చెప్పేది.

నాలుగో రోజు మధ్యాహ్నం జరిగింది చెబుతాను. చెప్పాలంటే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

పని వేళలో కార్ఖానాలో అందరి ఫోన్లనూ గుమ్మం పక్క చెక్క అరలో పెడతారు. నేను అక్కడ ఉండగా హైమ దగ్గర నుంచి వీడియో కాల్ వచ్చింది. ఎవరూ ఎత్తలేదు. మళ్లీ వచ్చింది. ఎనిమిదిసార్లు వచ్చింది. తర్వాత అర నిమిషం వీడియో ఒకటి నా లోపలికి వచ్చి పడింది. అందులో హైమ ఆసుపత్రి మంచం మీద ఉంది, పాదానికి కట్టు ఉంది. ముంజేతిలో సూది గుచ్చినట్టు చూపించింది. బుగ్గలు పూరించింది. గొంతు పట్టుకుంది. ఇంతలో ఎవరిదో చెయ్యి వచ్చి ఫోను లాక్కుంది. ఆ సైగలు నాకు అర్థం కాలేదు, ఆ కళ్లలో భయం మాత్రం తెలిసింది. ఆ వీడియో నా కడుపులో ఉంది. తాళం తీస్తే తప్ప చూపించే వీలు లేదు. నాకు కాపలావాళ్లను ఇద్దరిని ఇచ్చారు గానీ నోరు ఒక్కటీ ఇవ్వలేదు.

భోజనాల గంట కొట్టాక ఆదిలక్ష్మి వచ్చి నన్ను తీసింది. తెర మీద ‘ఎనిమిది’ చూడగానే గుమ్మంలోనే నా మడత విప్పింది. హైమ పగలు ఎప్పుడూ చెయ్యదు.

ముఖం ఎదురుగా పెట్టింది. ముఖంవాడు చూశాడు. కాదన్నాడు.

ముందురోజు పిక్క చిట్లి రసం ఆమె చెంప మీద పడింది. తెల్లారేసరికి ఎడమ కన్ను సగం మూసుకుపోయింది, బుగ్గ పొంగింది, పెదవి ఒక పక్కకి లాగేసింది. మూతికి కట్టుకున్న గుడ్డ తీసేసి మళ్లీ చూపించింది. ఎండలోకి వెళ్లి చూపించింది. వాచిన రెప్పను వేళ్లతో ఎత్తి పట్టుకుని చూపించింది. ఆమె అని నాకు తెలుసు. అడుగుల చప్పుడు తెలుసు, ఆముదం వాసన అంటిన ఆ అరచేతి పట్టు తెలుసు. తెలిసినదాన్ని లెక్కలోకి తీసుకునే అధికారం నాకు లేదు. బొటనవేలు ఆనించింది. వేలివాడి ముందు గీత ఒక్కటీ లేదు, పొరలు లేచిన ఎర్రటి చర్మం తప్ప. కాదన్నాడు. నిద్రపోయేవాడి దొంగవేలికి తెరుచుకున్న నేను, కూతురి కోసం ఏడుస్తున్న తల్లి వేలికి తెరుచుకోలేదు.

గున్నమ్మ పరుగున వచ్చింది. “ఏటయినాదే?”

“తెల్దప్పా. ఎనిమిదిసార్లు సేసింది. తెరుసుకోడం నేదు ఇది.”

“నా ఫోన్లోంచి సెయ్యి. దాని నంబరు సెప్పు.”

ఆదిలక్ష్మికి నంబరు తెలియదు. శిక్షణ మేడమ్ నంబరూ తెలియదు. అన్నీ నాలోనే ఉన్నాయి. మనుషులు ఈ మధ్య గుర్తుపెట్టుకోవడం మాకు అప్పజెప్పి నిశ్చింతగా ఉంటున్నారు.

నేను అంకెలు అడిగాను. హైమ పుట్టిన ఏడు కొట్టమంది గున్నమ్మ. తప్పు. ఇంటి నంబరు. తప్పు. పెళ్లయిన ఏడు. తప్పు. ఒకటి రెండు మూడు నాలుగు. అదీ తప్పు. ఇంకొక్కటి తప్పయితే నేను అరగంట మూతి బిగించుకోవాలి. అది నా చట్టం.

“ఆగప్పా, ఇంకేటీ కొట్టకు,” అంది ఆదిలక్ష్మి. నన్ను నేల మీద పెట్టింది.

ఆ ఇంట్లో అంకెలు నోటితో చెప్పుకోరు. వేళ్ల కణుపుల మీద చెప్పుకుంటారు. మనవాళ్లు కణుపులు లెక్కపెడుతూ రోజులు చూసుకుంటారే, అలాగే. చిటికెనవేలి అడుగు కణుపు ఒకటి, పైది రెండు, అలా పక్కవేలికి. ఆ నాలుగంకెలు పెట్టిన రోజున హైమ తల్లి కుడిచేతిని ఒళ్లోకి తీసుకుని, ఆమె బొటనవేలినే పట్టుకుని, నాలుగు కణుపుల మీద ఒక్కొక్కసారి నొక్కించింది. ఆదిలక్ష్మి వాటిని అంకెలుగా ఎప్పుడూ విననేలేదు. అందుకే ఎంత తలచుకున్నా నోటికి రావడం లేదు.

ఆమె కళ్లు మూసుకుంది. కుడిచెయ్యి తెరిచింది. కాలిన బొటనవేలు మెల్లగా కదిలింది. ఒక కణుపు మీద ఆగింది. అక్కడి నుంచి పైకి జరిగి ఇంకొకటి. మూడోదాని దగ్గర తడబడింది, రెండు కణుపుల మధ్య అటూ ఇటూ తిరిగింది. పచ్చిపుండు మీద రాసుకుంటే ఎలా ఉంటుందో నాకు తెలియదు, ఆమె పళ్లు బిగపట్టడం మాత్రం విన్నాను. మూడోది ఖాయం చేసుకుంది. నాలుగోది తేలిగ్గానే దొరికింది. ఏ కణుపుకి ఏ అంకె వస్తుందో పైకి లెక్కపెట్టుకుంటూ ఒక్కొక్కటీ నొక్కింది. అవేమిటో మీకు చెప్పను, పాత అలవాటు.

తెరుచుకున్నాను.

వీడియో సగం చూసేసరికే ఆమె కాల్ చేసింది. నన్ను సగం మడిచి పిక్కల బస్తా మీద కూర్చోబెట్టింది. అవతల ఎత్తింది శిక్షణ మేడమ్. “కాలికి మేకు దిగి చీము పట్టిందమ్మా. ఇంజక్షన్ అంటే మరీ భయపడిపోతోంది మీ అమ్మాయి. చేతులు విసురుతోంది. ఇద్దరు పట్టుకుంటే గానీ ఆగట్లేదు,” అంటూ ఫోను అటు తిప్పింది.

మంచం మీద హైమ. అటొక నర్సు, ఇటొక నర్సు మణికట్లు పట్టుకుని మంచానికి అదిమి ఉంచారు. డాక్టరు చేతిలో సూది ఉంది. హైమ భుజాలు ఎగురుతున్నాయి.

ఆదిలక్ష్మి గొంతు కార్ఖానా అంతా వినిపించింది. “దాని సేతులు ఒగ్గీండమ్మా. అది మాటాడతంది.”

డాక్టరు తల తిప్పాడు. నర్సులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. “ఒగ్గీండి బాబూ, మీకు దండమెడతాను,” అందామె. వదిలారు.

హైమ చేతులు పైకి లేచాయి. సూది, పొంగిన బుగ్గలు, బిగుసుకున్న గొంతు, నేల నుంచి మోకాలంత ఎత్తు, ఆ మోకాలంత మనిషి పక్కకి ఒరిగిపోవడం. ఆదిలక్ష్మి ఇక్కడి నుంచి ఒక్కొక్కటీ మాటల్లో చెప్పింది. “ఐదేళ్లప్పుడు సీము పడితే ఇలాటి సూదే ఏసినారు బాబూ. మొకం పొంగిపోయి ఊపిరాగిపోనాది. మూడు దినాలు సచ్చి బతికింది. అదే సెప్తంది మీకు.”

డాక్టరు ఏ మందో అడిగాడు. పేరు ఆమెకు తెలియదు. అతను సూదిని పళ్లెంలో పెట్టేసి వేరే మందు తెమ్మన్నాడు. అతని ముఖం పాలిపోవడం నా తెర మీద స్పష్టంగా కనిపించింది.

హైమ ఆరు రోజులకి ఇంటికి వచ్చింది. రెండు మణికట్ల మీదా నీలంగా వేళ్ల గుర్తులు ఇంకా ఉన్నాయి. ఆదిలక్ష్మి వాటికి ఆముదం రాసింది. తర్వాత నన్ను చూపించి, తాళం తిప్పినట్టు చేసి, ఇక తాళాలు వద్దని చెయ్యి అడ్డంగా ఊపింది. హైమ ఒప్పుకోలేదు, దొంగలు ఎత్తుకుపోతారని సైగ చేసింది. తల్లి అదే సైగ మళ్లీ చేసింది.

వేలివాణ్ణీ ముఖంవాణ్ణీ పనిలోంచి తీసేశారు. నాలుగంకెలు కూడా తీసేస్తుంటే, ఇకపై నన్ను ఎవరైనా తెరవచ్చు, నిజంగా తీసెయ్యాలా అని నేను నా చట్టం ప్రకారం అడిగాను. హైమ తల్లి వైపు చూసింది. ఆదిలక్ష్మి ముందుకు వంగి, ‘అవును’ మీద తన బొటనవేలు పెట్టి నొక్కింది. ఎవరు నువ్వని నేను అడగలేదు.